నీళ్ళు పోసి చూసే ఏసేపు

ఎర్రగుంట్ల బజారులో ఏసేపును ఎరగని పాత్రల అంగడి లేదు. ఎరిగినవాళ్ళలో ఒక్కడూ ఆయన్ని చూసి సంతోషపడడు. బిందె కొనాలంటే లోకంలో మనుషులేం చేస్తారు? వేలితో కొట్టి చూస్తారు, ధర దగ్గర కాసేపు పోట్లాడతారు, సంకన పెట్టుకుని ఇంటికి పోతారు. ఏసేపు అట్లా కాదు. "రోంత నీళ్ళు పొయ్యప్పా దీంట్లో" అంటాడు. అంచుదాకా పోయించి, అరుగు మీద దాని పక్కనే గొంతుక్కూర్చుని, అడుగు వైపే చూస్తా గంట గడుపుతాడు. అంగడివాడు విసుక్కుంటే, "నువ్వమ్మేది బిందెనా, బిందె బొమ్మనా?" అని ఎదురడుగుతాడు.

కూతురు ప్రసన్నకుమారి పెళ్ళికి గంగాళం కొన్నప్పుడు అంగట్లో చూసింది చాలలేదని, పెళ్ళిపందిట్లో మళ్ళీ నింపి పెట్టాడు మహానుభావుడు. ఒక పక్క పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నాడు, ఇంకో పక్క పెళ్ళికూతురి తండ్రి గంగాళం కింద చెయ్యి పెట్టి తడుముతున్నాడు. వియ్యపురాలు ముక్కున వేలేసుకుంది. భార్య జీవమ్మ ఈ సంగతి ఎవరు కదిపినా ఒకే మాట అంటుంది. "నన్ను చూడను వచ్చిన దినం నా నెత్తిన కూడా చెంబెడు నీళ్ళు పోసి, యాడన్నా కారుతాదేమోనని చూడాలనే ఉన్నింటాడు. మా నాయన పక్కనుండాడని ఊరుకున్నాడు."

నవ్వుకోవచ్చు గానీ, ఈ అలవాటు ఆయన సొంతం కాదు. తండ్రి సామేలు నుంచి వచ్చింది. సామేలు జమ్మలమడుగు దగ్గర పల్లెలో కపిల బానలు కుట్టేవాడు. కపిల అంటే ఈ కాలం పిల్లలకు చెప్పాలి. మోటార్లు రాకముందు, జత ఎద్దులు వాలుబాట మీద దిగుతూ బావిలోంచి నీళ్ళు లాగేవి. ఆ నీళ్ళు పైకి తెచ్చే పెద్ద తోలు సంచే బాన. తంగేడు చెక్క నీళ్ళలో నానేసిన తోలు, ఆముదం పట్టించిన దారం, సామేలు నోట్లో పట్టుకున్న సూది, చింతచెట్టు కొమ్మకు వేలాడే బాన... ఇప్పటికీ ఎక్కడైనా ఆముదం కాగిన వాసన వస్తే ఏసేపు నడుస్తున్నవాడు నిలబడిపోతాడు.

బాన కుట్టడం అయిపోగానే రైతుకిచ్చేవాడు కాదు సామేలు. కొమ్మకు వేలాడదీసి నీళ్ళు నింపి, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా అట్లే ఉంచేవాడు. చిన్న ఏసేపు పని, కింద కూర్చుని ఒక్క చుక్క రాలినా కేక పెట్టడం. పెన్నకు నీళ్ళొచ్చే కాలానికి ముందు, పుట్టిలో జనాన్ని ఏరు దాటించేవాళ్ళు వచ్చి వెదురు తట్టకు తోలు కప్పించుకునేవాళ్ళు. ఆ పుట్టిని కూడా సామేలు నీళ్ళలో వేసి చూసేవాడు కాదు. బండరాళ్ళ మీద నిలబెట్టి లోపల నీళ్ళు పోసేవాడు. అవును మరి, ఏడాదిలో పది నెలలు ఏట్లో ఇసుకే. వేసి చూడాలన్నా నీళ్ళు యాడున్నాయి? "తోలు అబద్ధం చెప్తాది, దారం అబద్ధం చెప్తాది. నీళ్ళు చెప్పవురా" అనేవాడు.

ఏసేపుకు మీసాలొచ్చేసరికి కపిలలు పోయాయి. కరెంటు మోటారు బుర్రుమంటుంటే బాన ఎవడిక్కావాలి? సామేలు కొన్నాళ్ళు చెప్పులు కుట్టాడు, కొన్నాళ్ళు చర్చి ముందు వేపచెట్టు కింద ఊరికే కూర్చున్నాడు, ఆ కూర్చోవడంలోనే పోయాడు. ఏసేపు ఎర్రగుంట్ల చేరి, సిమెంటు ఫ్యాక్టరీలకు తొట్లు, పైపులు చేసిచ్చే ఒక ఫైబరు షెడ్డులో కూలికి కుదిరాడు. గాజుపీచుతో చేసిన మ్యాట్ పరిచి, దాని మీద రెజిన్ అనే జిగురు పూసి, పొర మీద పొర వేసుకుంటూ పోవడం అక్కడే నేర్చాడు. జీవమ్మ అదే షెడ్డులో మ్యాట్ చింపే కూలి. ఈ పనిలో మ్యాట్‌ను కత్తెరతో కోయరు. కోస్తే అంచు తేలి కనబడుతుంది. చేత్తో చింపితే పీచు విడివిడిగా లేచి కింది పొరలో కలిసిపోతుంది. జీవమ్మ చింపిన అంచు ఎక్కడుందో కనుక్కోవడానికి ఏసేపు వేలు పెట్టి వెతికేవాడు. అంచు వెతికాడో, అంచు వంకతో ఆమె పక్కన నిలబడ్డాడో గానీ, ఆ ఏడాదే పెళ్ళి చేసుకున్నారు.

తర్వాత డ్యాముల్లో నీళ్ళు నిలిచాయి. ఎండిన సీమలో చేపలవాళ్ళు తిరిగే రోజులొచ్చాయి. వాళ్ళకు పడవలు కావలసి వచ్చి, మొగుడూ పెళ్ళాలు రోడ్డు పక్కన సొంత షెడ్డు వేసుకున్నారు. అవే వాళ్ళ మంచి దినాలు. తెల్లవారకముందే పని మొదలుపెట్టేవాళ్ళు, ఎందుకంటే మన ఎండల్లో రెజిన్‌కు కూడా తిక్క పుడుతుంది. జిగురు గట్టిపడేందుకు కోస్తా వాళ్ళు కలిపినంత హార్డనర్ ఇక్కడ కలిపితే మగ్గులోనే పొగలేస్తుంది. ఏసేపు రోలరు తిప్పుతూ ఉంటే జీవమ్మ మ్యాట్ అందిస్తూ సంఘంలో నేర్చిన కీర్తనలు పాడేది. పడవ అయ్యాక ట్యాంకరు పిలిచి లోపల నీళ్ళు పోయించడం మామూలే. చేపలవాళ్ళు నవ్వేవాళ్ళు, కానీ కారిన పడవ ఒక్కటీ ఆ షెడ్డు దాటలేదు.

అన్నీ శాశ్వతమా? బయటి నుంచి రెడీమేడు పడవలు చౌకగా దిగాయి. రెజిన్ ఘాటుకు జీవమ్మకు ఆయాసం పట్టుకుంది, డాక్టరు ఆ వైపు పోవద్దన్నాడు. షెడ్డు మూతపడింది. వాళ్ళు చేసిన పడవలు ఒక్కొక్కటే పాతబడిపోయాయి. పాత ఫైబరును తుక్కువాడు కూడా తీసుకోడు. ఒక పడవను రెండుగా కోసి ఎనుములకు కుడితి తొట్లు చేశారు. ఆ ఊరు పోయినప్పుడు ఏసేపు ఎనుములు కట్టేసే గాటిపాట దగ్గర ఆగి, తొట్టి అంచు నిమిరి వచ్చాడు. "కారలేదే ఇంకా" అని ఇంటికొచ్చి చెప్తే, జీవమ్మ లోపలికి పోయింది.

మిగిలింది ఒక్కటే పడవ. అన్నిటికన్నా పెద్దది, చివరిది. జీవమ్మ చేత్తో మ్యాట్ వేసిన చివరి పని. దాన్ని హర్షవర్ధన్ కొని, గండికోట వెనక నీళ్ళలో చూడవచ్చినవాళ్ళను తిప్పుతున్నాడు. హర్షవర్ధన్ మంచివాడే, తాతల నాటి పొలాలున్న ఇంటివాడు, కాకపోతే నిలకడ తక్కువ. పడవ కింద తిరిగే రెక్కలకు నీళ్ళలో మునిగిన కంపచెట్లు, చేపల వలలు చుట్టుకుని నెలకోసారి నడిమధ్యన ఆగిపోతుంటే ఆయనకు విసుగెత్తి, వాటర్‌జెట్ తెప్పిస్తున్నానన్నాడు. దానికి కింద రెక్కలుండవు. పడవ అడుగున ఉన్న రంధ్రం గుండా నీళ్ళు పీల్చుకుని వెనక నుంచి బలంగా చిమ్ముతుంది. ఆ తోపుకు పడవ ముందుకు పోతుంది.

బిగించడానికి వచ్చిన ఇంజనీరు భూపేష్, ప్రొద్దుటూరు వాడు, ముప్పై ఏళ్ళుంటాయి. పడవను చూసి తల అడ్డంగా ఊపాడు. "దీని అడుగు జెట్‌కు పనికొచ్చేట్టు చెయ్యడం కష్టం సార్. కొత్తది తెప్పించుకోండి."

ఆ మాట విని ఏసేపు తిన్నగా హర్షవర్ధన్ ఇంటికి పోయాడు. ఎవరినీ ఏదీ అడగని మనిషి, వాకిట్లో నిలబడి చేతులు జోడించాడు. "సార్, ఒకసారి నా చేత చేపించి చూడండి. కుదరకపోతే మీ ఇష్టం."

"కుదరకపోతే కొత్తది తెప్పిస్తా ఏసేపూ. ఇది కోసి పారేయిస్తా. తర్వాత నా మీద పడి ఏడిస్తే కాదు."

"అట్లనే సార్."

పడవను మళ్ళీ పాత షెడ్డు కిందికే తెచ్చి, ఇనప స్టాండ్ల మీద నిలబెట్టారు. అడుగు మధ్యలో ముందు నుంచి వెనకదాకా వెన్నుగట్టు ఒకటి ఉంది. రంధ్రానికి ముందు భాగంలో దాన్ని పూర్తిగా అరగదీసి చదును చెయ్యాలన్నాడు భూపేష్. "గట్టు ఉంటే నీళ్ళు చీలి గాలిబుడగలు లేస్తాయి పెద్దాయనా. జెట్ గాలి మింగిందంటే దానికి పొలమారినట్టే. ఇంజను అరుస్తాది, పడవ కదలదు. నడి లోయలో ఇరవై మందితో అట్లా ఆగితే ఎట్లుంటాదో చూసుకో."

ఏసేపు వెల్లకిలా పడుకుని గ్రైండరుతో గట్టు అరగదీశాడు. తాము వేసిన పొరలు ఒక్కొక్కటే తెల్లటి పొడి అయి కళ్ళద్దాల మీద రాలుతుంటే ఆయనకు ఏడుపొచ్చింది. తర్వాత భూపేష్ అట్ట మీద గీసిచ్చిన కొలత ప్రకారం అడుగున, వెనక గోడకు రంధ్రాలు కోశాడు. తన చేత్తో పడవకు రంధ్రం పెట్టడం ఇదే మొదటిసారి. బ్లేడు దిగేటప్పుడు "ప్రభువా" అన్నాడు పైకే. నీళ్ళు పీల్చే దిమ్మను ఆ రంధ్రంలో కూర్చోబెట్టి, చుట్టూ మ్యాట్ వేసి, రెజిన్ పట్టించి, వారం రోజుల్లో అడుగును అద్దంలా నున్నగా తెచ్చాడు.

భూపేష్ వచ్చి రెండు మీటర్ల అల్యూమినియం పట్టీని అడుగుకు ఆనించి, ఇటూ అటూ జరిపి చూశాడు. సందు లేదు. కాగితం మీద సంతకం చేసి, "నేననుకోలేదు పెద్దాయనా. కొత్త పొర గట్టిపడాల, వారం దాకా దీన్ని ముట్టుకోవద్దు. తర్వాత జెట్ యూనిట్ తెచ్చి బిగిస్తా" అన్నాడు. పట్టీని షెడ్డులోనే వదిలిపెట్టి పోయాడు.

ముట్టుకోవద్దంటే మనవాడు ఆగాలి గదా! రెండు రోజులాగాడు. మూడో రోజు ఆగలేకపోయాడు. ఇంత పెద్ద రంధ్రం కోసి, నీళ్ళు పోసి చూడకుండా పంపడమా? పుట్టి బుద్ధెరిగినాక అట్లాంటి పని చేసింది లేదు. రంధ్రాలకు రబ్బరు పెట్టి ఇనప రేకులు బిగించాడు, ట్యాంకరు శేషన్నను పిలిచాడు. పైపు పట్టుకుని శేషన్న పడీపడీ నవ్వాడు. "పడవను నీళ్ళలో ఎయ్యాల గానీ, నీళ్ళను పడవలో పోస్తాండావేందప్పా?"

"గమ్మున పొయ్యి నువ్వు."

సాయంత్రందాకా నీళ్ళు నిలిచాయి. ఒక్క చుక్క కారలేదు. ఏసేపు ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. మరుసటి రోజు నీళ్ళు వదిలేసి, రేకులు విప్పి, ఊరికే ఒకసారి చూద్దామని కింద పడుకుని భూపేష్ పట్టీని అడుగుకు ఆనించాడు. పట్టీ తక్కెడలా ఊగింది.

మళ్ళీ ఆనించాడు. మళ్ళీ ఊగింది. టన్నుల కొద్దీ నీళ్ళ బరువుకు, ఇంకా పచ్చిగానే ఉన్న పొర రెండు స్టాండ్ల నడుమ కిందికి ఉబ్బింది. కొలిస్తే ఐదు మిల్లీమీటర్లు. అదీ సరిగ్గా రంధ్రానికి ముందే. తోలు బాన ఉబ్బితే ఉబ్బింది, మళ్ళీ ముడుచుకుంటుంది. ఇది తోలు కాదు. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే జరిగింది.

కంటికి చూస్తే తెలియదు. భూపేష్ సంతకం అయిపోయింది. ఇక ఎవరూ పట్టీ పెట్టరు. యూనిట్ బిగిస్తారు, పడవ పోతుంది, ఎప్పుడో నీళ్ళలో పొలమారితే మిషన్ మంచిది కాదనుకుంటారు. ఏసేపు రెండు రోజులు ఈ లెక్కే వేసుకున్నాడు. కంచంలో అన్నం కలిపి కలిపి లేచిపోతుంటే జీవమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఏమయిందో చెప్పు."

చెప్పాడు. ఆమె తల కొట్టుకుంది. "నలభై ఏండ్ల నుంచి చెప్తాండా ఈ నీళ్ళ పిచ్చి వదులుకోమని! ఆ పిల్లోడు ముట్టుకోవద్దని చెప్పినాడు గదయ్యా. చేతులు కాల్చుకునేదాకా నీకు బుద్ధి రాదు. ఫోన్ చేసినావా ఆ పిల్లోనికి?"

"చేస్తే ఇది పోతాదే జీవీ. కోసి పారేస్తారు. మనం చేసిండేది ఇంకొకటి లేదు."

జీవమ్మకు లేదా ఆ బాధ? ఆ పడవలో ప్రతి అంచూ ఆమె వేళ్ళ మీదుగా పోయిందే. "పోతే పోనీ" అంది చివరికి. "ఎక్కేటోళ్ళు చంటిబిడ్డల్ని ఎత్తుకుని ఎక్కుతారు. చెయ్యి ఫోను."

ఫోనులో భూపేష్ "నీళ్ళు పోసినావా? లోపలా? ఏంటికి పెద్దాయనా?" అన్నాడు.

"మా నాయన పోసేవాడప్పా" అన్నాడు ఏసేపు.

హర్షవర్ధన్ కారు దిగుతూనే షెడ్డు ఎగిరిపోయేట్టు అరిచాడు. పిచ్చోడన్నాడు, తనదే బుద్ధి తక్కువన్నాడు, రేపే కోయిస్తానన్నాడు. ఏసేపు తల వంచుకుని అన్నీ పడ్డాడు. ఆపింది భూపేష్. "సార్, ఈయన చెప్పకపోయింటే మనకు తెలిసేది కాదు. ఇంకో వారం ఇచ్చి, సరిచెయ్యనిచ్చి చూద్దాం. యూనిట్ తెచ్చే దినం మళ్ళీ పట్టీ పెడతా. ఊగిందంటే యూనిట్ అట్లే వెనక్కి తీసుకుపోతా." హర్షవర్ధన్ కాసేపు పళ్ళు కొరికి, ఏసేపు మొహం మీదికి వేలు చూపాడు. "ఇంకో చుక్క నీళ్ళు దాంట్లో పోసినావంటే నిన్నే దాంట్లో ముంచుతా."

మరుసటి రోజు చీకటి విడవకముందే ఏసేపు షెడ్డుకు పోయేసరికి, జీవమ్మ మూతికి తడిగుడ్డ కట్టుకుని, ముక్కాలిపీట మీద మ్యాట్ ఒళ్ళో వేసుకుని కూర్చుని ఉంది.

"డాక్టరు వద్దన్నాడు గదే."

"వాకిట్లో గాలికే కూర్చుంటా. నువ్వు చింపితే అంచులు తేల్తాయి. పని చూసుకో పో."

ఉబ్బు కింద పలక వేసి, లారీ జాకీతో వెంట్రుకవాసి వెంట్రుకవాసిగా ఎత్తాడు. ఎత్తినచోట నిలబడేట్టు లోపల చెక్క బద్దలు పరిచి, వాటి మీద మ్యాట్ వేశాడు. ఆమె చింపుతుంది, ఆయన పరుస్తాడు. మూడో రోజు ఎప్పుడో, గుడ్డ కింద నుంచి జీవమ్మ సన్నగా ఏదో కూనిరాగం తీసింది. ఏసేపు రోలరు ఆగిపోయింది. పద్నాలుగేళ్ళయింది ఆ గొంతు ఆ షెడ్డులో విని. ఇటు తిరిగితే ఆమె ఎక్కడ ఆపేస్తుందోనని, తిరక్కుండానే మళ్ళీ రోలరు తిప్పాడు.

భూపేష్ వచ్చిన రోజు పట్టీ ఊగలేదు. సన్నటి బ్లేడు సందులో దూర్చబోయాడు, దూరలేదు. పోయి వ్యానులోంచి యూనిట్ దింపించాడు. బిగించడానికి రెండు రోజులు పట్టింది. బాగు చేసినాక నీళ్ళు పోసి చూడకుండా ఏసేపు వదిలిపెట్టింది జీవితంలో అదొక్కటే. లారీ మీద అది గండికోట నీళ్ళ దగ్గరికి పోతుంటే, ఆయన వెనక ఆటోలో జీవమ్మ పక్కన కూర్చుని దారి పొడవునా వేళ్ళు విరుచుకున్నాడు.

"నన్నూ ఎక్కనీండి సార్" అన్నాడు హర్షవర్ధన్‌తో. ఎక్కి, సీట్లో కూర్చోలేదు. వెనక ఇంజను పక్కన నేల మీద కూలబడి, దిమ్మ అతుకు మీద అరచెయ్యి పరిచి కళ్ళు మూసుకున్నాడు. జెట్ గర్జించింది, ముక్కు లేచింది, పడవ దూసుకుపోయింది. హర్షవర్ధన్ ఈలలు వేస్తూ ఫోనులో వీడియో తీశాడు. ఎర్రటి లోయ గోడలు అటూ ఇటూ పరుగులు తీశాయి. ఏసేపు ఒక్కటీ చూడలేదు. ఇంజను పొలమారుతుందేమోనని చెవి అటు పెట్టి, అతుకు మీద చెయ్యి తీయకుండా వెళ్ళి వచ్చాడు.

గట్టు దగ్గర దిగి చూసుకుంటే అరచెయ్యి తడిగా ఉంది.

ఆయన ముఖం పాలిపోయింది. గొడుగు కింద నిలబడిన జీవమ్మ అది చూసి, "ఏమయ్యా, కారిందా?" అంటూ ఉరుకున వచ్చింది. ఏసేపు చెయ్యి మెల్లగా నోటి దగ్గరికి తీసుకుపోయి, నాలుకతో తాకి చూశాడు.

"ఉప్పగుండాదే."

జీవమ్మ ఆ చెయ్యి లాక్కుని కొంగుతో గట్టిగా తుడిచింది. "ఈ నీళ్ళకు ఉప్పు యాడిది? చెమటయ్యా. నీ చెమటే" అంది. నవ్వుతూనే ఏడ్చింది.

ఏసేపు పడవ వైపు తిరిగాడు. భూపేష్ ఇంజను ఆపబోతున్నాడు.

"అప్పా, ఇంకొక్క చుట్టు తిప్పుతావా?" అని అడిగాడు. "ఈసారి చెయ్యి పెట్టను. ఊరికే కూర్చుంటా."

జీవమ్మ అప్పటికే చెప్పులు చేత పట్టుకుని, కుచ్చిళ్ళు ఎత్తి నీళ్ళలోకి దిగింది.